గోడలోని చెయ్యి

మునిచెంగయ్య గీసిన నెమలి మెడ చూసి కుప్పమ్మ రంగు కుంచె కింద పెట్టేసింది.

"ఎవురు గీసినారు దీన్ని?" అంది.

"ఎవురు గీస్తారు? నేనే."

"నువ్వు కాదు."

కళ్ళజోడు సర్దుకుని గుడ్డ మీదికి ఇంకా వంగింది. నలభై రెండేళ్ళుగా కలంతో నల్లగీత గీసేది ఆయన, లోపల రంగు నింపేది ఆమె. కాళహస్తిలో వాళ్ళ వీధిలో కలంకారీ చేసే ఇళ్ళన్నిట్లో అంతే. గీత మగవాళ్ళది, రంగు ఆడవాళ్ళది. ఆ గీతల అంచున కుంచె నడిపీ నడిపీ కుప్పమ్మకు మొగుడి మొహం కంటే మొగుడి గీతే బాగా తెలుసు. చెంగయ్యకు చిన్నప్పుడు మోచెయ్యి విరిగి కొంచెం వంకరగా అతుక్కుంది. అందుకని ఆయన ఏ వంపు గీసినా నడుమ ఒకచోట ఆగి, చిన్న ముడి పడి, తర్వాత కిందికి దిగుతుంది. ఈ నెమలికి ముడి లేదు. మెడ పైనుంచి కిందికి నీళ్ళు జారినట్టు జారింది.

"బాగుండాది గదా," అన్నాడు చెంగయ్య.

"బాగుండాది. అందుకే అడుగుతా ఉండా."

చెంగయ్య కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. అదే చెయ్యి. అవే వేళ్ళు, గోళ్ళ సందుల్లో అదే నలుపు. పక్కనే ఒక పాతగుడ్డ ముక్క లాక్కుని ఇంకో నెమలి గీశాడు. దానికీ ముడి పడలేదు. మూడోది కావాలనే వంపు దగ్గర ఆపి గీశాడు. ఆపినట్టు తెలుస్తూనే ఉంది. కుప్పమ్మ ఆ మూడో నెమలిని చూసి, "వొద్దులే, ఇంక చాలించు," అని లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

ఇదంతా రెండు నెలల కిందట మొదలైంది.

మొగిలికొండ మీద ఐదొందల ఏళ్ళనాటి గుడి ఒకటుంది. దాని మండపం గోడ మీద గంగమ్మ కొండ దిగివచ్చే బొమ్మ ఉండేదని చెప్పుకుంటారు. బతికున్నవాళ్ళెవరూ చూడలేదు. ఏ కాలంలోనో గుడి బాగుచేస్తున్నామనుకుని దాని మీద సున్నం కొట్టించారు. ఒక వానాకాలం గోడ చెమ్మగిల్లి, పాత పూతా కొత్త సున్నమూ కలిసి పెళ్ళలు పెళ్ళలుగా కింద పడ్డాయి. పూజారికి పారబోయబుద్ధి కాలేదు. గోనెసంచుల్లో కట్టి మూల పెట్టాడు. పదిహేడు సంచులు. వెతికినా ఒక్క పెళ్ళ మీద రంగు లేదు.

ఆ సంచులు తిరుపతిలో ఒక పరిశోధనశాలకు చేరాయి. అక్కడి డాక్టర్ నసీమా మదనపల్లె మనిషి, నలభై దాటినామె. ఒకరోజు చెంగయ్య ఇల్లు వెతుక్కుంటూ వచ్చి చాప మీద కూర్చుంది.

"పెద్దయ్యా, తడి సున్నం మీద వేలితో ఒత్తితే ఏమవుతుంది?"

"గుంట పడతాది."

"కుంచెతో ఒత్తితే?"

"కుంచె ఒత్తిడి ఎంతమ్మా? యాడ కనపడతాది?"

"మీ కంటికి కనపడదు. నా పెట్టెకు కనపడుతుంది. ఒకసారి వచ్చి చూడండి."

చెంగయ్య పోయి చూశాడు. అక్కడ ఢిల్లీబాబు అని యాభై ఏళ్ళ మెకానిక్కు ఉన్నాడు. అరచేతిలో పట్టేంత సున్నపు పెళ్ళను పటకారుతో పట్టి ఒక పెట్టెలో పెట్టాడు. లోపల నీలం వెలుగు తిరిగింది. తెర మీద ఒక గీత మొదలై, లావై, సన్నమై, ఆగిపోయింది. రంగు రాలిపోయినా, తడి సున్నం మీద కుంచె ఎక్కడ ఒత్తిందో ఎక్కడ తేలిందో ఆ గుర్తు లోపల గట్టిపడి అట్నే ఉంటుందట. గోడ మీద బొమ్మ పోయింది గానీ బొమ్మ గీసిన చేతి కదలిక పోలేదు.

ఆ కదలికను ఒక ఇనపచేతికి ఇస్తే అది పలక మీద గీసింది. నసీమా చెంగయ్య మొహం చూస్తూ నిలబడింది.

"ముళ్ళకంచె మాదిరి ఉండాది," అన్నాడు చెంగయ్య.

"అందుకే మిమ్మల్ని పిలిచింది," అంది ఆమె.

ఇనపచేతికి ఒత్తిడి తెలుసు గానీ గీత తెలియదు. గీత తెలిసిన చెయ్యి కావాలి. భుజం నుంచి వేళ్ళ కొసల దాకా వచ్చే ఒక తొడుగు తీసి చూపించింది. లోపలంతా సన్నటి తీగలు. అది తొడుక్కుంటే పాత చిత్రకారుడి చెయ్యి ఎక్కడ బిగిసిందో అక్కడ బిగుస్తుంది, ఎక్కడ వదిలిందో అక్కడ వదులుతుంది. వెనక నిలబడి ఎవరో చెయ్యి పట్టుకుని దిద్దించినట్టు.

"ఒక సంగతి ముందే చెప్పాలి," అంది నసీమా. "ఢిల్లీబాబూ, ఒక సంతకం పెట్టి చూపించు."

ఢిల్లీబాబు సంతకం పెట్టాడు. అక్షరాల తోకలు తీగల్లాగా పాకి, కొసలు చుట్టుకున్నాయి.

"పన్నెండు రోజులు తొడుక్కున్నా సార్, పని చేస్తుందా లేదా అని చూసేదానికి," అన్నాడు. "మా పాప ప్రోగ్రెస్ కార్డు బడి నుంచి వెనక్కొచ్చింది. మీ నాయన సంతకం నువ్వే పెట్టినావా అని టీచరమ్మ దాన్ని బెంచీ ఎక్కించిందంట."

అందరూ నవ్వారు. నసీమా మాత్రం నవ్వు తొందరగా ఆపేసింది.

"ఆరు నెలలైంది, ఇంకా పోలేదు. ఈయనది బోల్టులు బిగించే చెయ్యి. మీది గీసే చెయ్యి. మీ గీత పోతే నేను తెచ్చివ్వలేను పెద్దయ్యా. బాగా ఆలోచించుకోండి."

"నాది యాభై ఏళ్ళ చెయ్యమ్మా," అన్నాడు చెంగయ్య. "ఎవురో వొచ్చి పట్టుకుంటే పొయ్యేది కాదులే."

మొదటి నాలుగు రోజులు గీత పడలేదు. సున్నం పూసిన పెద్ద పలకను గోడకు నిలబెట్టారు. చెంగయ్య తొడుగు వేసుకుని కుంచె పట్టుకుంటే చెయ్యి ఎక్కడెక్కడికో ఎగిరేది. ఐదోరోజు ఆయన కుంచె దించేశాడు.

"ప్రతి గీత మొదట్లో నా చెయ్యి ఎడమపక్కకు గుంజుతా ఉండాది. అక్కడేముంది?"

నసీమా తెర చూసింది. "ఏమీ లేదు. ఒక గీత అయిపోగానే ఇంకో గీత."

"అంతసేపు కుంచెలో రంగు యాడిదమ్మా? ముంచుకోవల్ల గదా."

నసీమా, ఢిల్లీబాబు మొహమొహాలు చూసుకున్నారు. నాలుగేళ్ళుగా వాళ్ళు గీత కొసకు గీత అతికించుకుంటూ పోతున్నారు. కుంచె ముంచుకోవాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఎడమపక్క ఒక గిన్నె పెట్టించి, గీతకు గీతకు మధ్య కుంచె ముంచే వ్యవధి వదిలేసరికి చెయ్యి కుదురుకుంది. గీత నిండుగా మొదలై, పోను పోను సన్నబడి, రంగు అయిపోయే చోట ఊపిరి వదిలినట్టు ఆగింది. పలక మీద మొదటి చేప తోక కొట్టింది.

ఇంకో వారానికి చెంగయ్యే మరో సంగతి కనిపెట్టాడు. ముంచుకోవడానికి చెయ్యి ఒకసారి నడుము ఎత్తుకు పోతోంది, ఒకసారి రొమ్ము ఎత్తుకు. "గిన్నె నేల మీద లేదమ్మా. ఎవురో పట్టుకోనుండారు."

"శిష్యుడై ఉంటాడు," అంది నసీమా.

"ఇంకెవురు ఉంటారు," అన్నాడు చెంగయ్య.

ఆ రోజులు చెంగయ్యకు పండగ. నీళ్ళు దిగాయి. నీళ్ళలో చేపలు, కప్పలు. తల ఎత్తి వాసన పట్టే ఎద్దు. చేతులెత్తి ఎదురొచ్చే జనం, వాళ్ళ నడుముల దగ్గర బట్ట కుచ్చిళ్ళు. ఒక్కొక్కటీ తన చేతి కిందే పుట్టేది, ఏం పుట్టబోతుందో తనకే తెలిసేది కాదు. చెంగయ్యకు కలం పట్టించింది వాళ్ళ నాయన. చెయ్యి పట్టుకుని దిద్దించింది మూడంటే మూడు రోజులు. తర్వాతంతా తిట్లే. ఈ వయసులో ఎవరో పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెయ్యి పట్టుకుని, ఒక్క మాట అనకుండా నేర్పుతుంటే ఎట్లా ఉంటుంది? సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని గాల్లో వేలు ఆడించుకుంటూ ఇంటికొచ్చేవాడు. కండక్టరు ఒకసారి, "ఏం పెద్దాయనా, దోమలా?" అని అడిగాడు.

అట్లా నలభై రోజులు. అప్పుడు ఇంట్లో గుడ్డ మీద ఆ ముడి లేని నెమలి పడింది.

నెమలి సంగతి చెప్పగానే నసీమా మిషను ఆపేసింది. చెంగయ్య తెచ్చిన పాత గుడ్డ ఒకటి, కొత్త గుడ్డ ఒకటి పక్కపక్కన పరిచి చాలాసేపు చూసింది.

"ఇప్పుడు మానేస్తే నాలుగైదు నెలల్లో మీ చెయ్యి మీకు రావచ్చు. ఇంకో పది రోజులు చేస్తే, వస్తుందని నేను చెప్పలేను."

"ఇంకేం మిగిలింది?"

"రెండు సంచులు. గంగమ్మ మొహం."

చెంగయ్య పలక వైపు చూశాడు. కొండ ఉంది, నీళ్ళున్నాయి, చేతులెత్తిన జనమున్నారు. నడుమ గంగమ్మ భుజాల దాకా ఉంది. పైన తెల్లటి సున్నం.

"పది రోజులే గదా," అన్నాడు.

ఇంటికొచ్చి అదే మాట కుప్పమ్మతో అన్నాడు. ఆమె రాగిసంగటి ముద్ద చేస్తూ వింది.

"నీ చెయ్యి కావాల్నా, ఆ మొహం కావాల్నా?"

"రెండూ."

"రెండూ ఇచ్చేవాళ్ళుంటే నాకూ చెప్పు," అని ముద్ద ఆయన కంచంలో పడేసింది. తన కంచంలో ఇంకో ముద్ద వేసుకుంటూ, "రేపు నేనూ వస్తా. నలభై రెండేళ్ళు నేను రంగేసిన చేతిని ఎవురు తినేసినారో ఒకసారి చూడొద్దా," అంది.

మరునాడు సంగటి, చెనిక్కాయల పచ్చడి ఊరిబిండి క్యారియర్లో పెట్టుకుని ఆమె కూడా బస్సెక్కింది. నసీమా కుర్చీ వేస్తే వద్దని తెరకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

చెంగయ్య తొడుగు వేసుకున్నాడు. గంగమ్మ గడ్డం దగ్గర మొదటి పెళ్ళ. కుంచె ముట్టిందో లేదో భుజం పట్టేసింది. చెయ్యి ముందుకు పోదు. మోచెయ్యి పక్కటెముకలకు ఆనుకుపోతోంది. గీత పొట్టిగా పడి ఆగింది. ఇంకోసారి చేశాడు. అంతే. నుదుటి మీద చెమట పట్టింది.

"ఆ గోడ మీద గీసినాయన ముసిలోడైపోయినాడేమో సార్," అన్నాడు ఢిల్లీబాబు. "చెయ్యి లేచినట్టు లేదు."

"ఇంతవరకు బాగానే లేచింది గదప్పా," అన్నాడు చెంగయ్య భుజం పట్టుకుని. "ఒక్క జానెడు పైకి పొయ్యేసరికి ముసిలోడు అవుతాడా?"

కుప్పమ్మ ఆయన్ని చూడటం లేదు. తెరనే చూస్తోంది.

"ఈ గీకుళ్ళేంది?" అంది.

తెర మీద గీత కిందుగా, రెండు అంగుళాల దూరంలో, నెలవంకల్లాంటి సన్నటి చారలున్నాయి. మూడు నాలుగు ఒకదాని పక్కన ఒకటి. గీత నడిచిన చోటల్లా అవీ నడిచాయి.

"అది చెత్తమ్మా," అన్నాడు ఢిల్లీబాబు. "పెళ్ళలు రాసుకుని పడినవి. తుడిచేస్తాం."

"ముందర గీసిన బొమ్మల్లో ఉండాయా ఇవి?"

ఢిల్లీబాబు పాతవి తీసి చూపించాడు. చేపల దగ్గర లేవు. ఎద్దు దగ్గర లేవు. జనం దగ్గర లేవు. మొహం దగ్గరే ఉన్నాయి.

కుప్పమ్మ లేచింది. పలక చివర కొంచెం తడి సున్నం పూయమంది. ఢిల్లీబాబు పూశాడు. ఆమె మొగుడి చేతిలోంచి కుంచె తీసుకుని, ఆ సున్నం మీద అడ్డంగా ఒక గీత లాగింది. చెయ్యి తీసేసింది. గీతకు రెండంగుళాల కింద, నెలవంకల్లాగా, మూడు చారలు.

"గాజులు," అంది. "రంగు నింపేటప్పుడు నేను పైకి ఎగదోసుకుంటా. అలిసిపోతే జారతాయి. గుడ్డ మీద ఇట్నే గీకుతాయి. ఎన్నిసార్లు తిట్టలేదు ఈయన."

నసీమా ముందు సున్నం మీది చారలను చూసింది, తర్వాత తెర మీదివి, తర్వాత మళ్ళీ సున్నం మీదివి. ఢిల్లీబాబు చేతిలో పటకారు అట్లాగే ఉంది.

"చెయ్యి పొట్టిది," అన్నాడు చెంగయ్య మెల్లగా. "అందుకే నన్ను గుంజేస్తా ఉండాది. గిన్నె పట్టుకున్నింది శిష్యుడు కాదు. ఈ గాజులాయమ్మే."

అక్కడిదాకా అంత గీసినవాడు, మొహం దగ్గరికొచ్చి కుంచె ఆమెకిచ్చాడు. ఎందుకిచ్చాడో సున్నంలో లేదు.

నసీమా పక్కకు వచ్చి నిలబడింది. కుప్పమ్మ చెయ్యి పొడవు కంటితోనే కొలిచింది. ఆమె ఏం అడగబోతుందో చెంగయ్యకు తెలిసిపోయింది.

"అమ్మా, మీ కొలతకు తొడుగు సరిచేస్తే పది రోజులు. పది రోజుల్లో గంగమ్మ మొహం వచ్చేస్తుంది. ఐదొందల ఏళ్ళలో ఎవరూ చూడనిది. నష్టం కూడా ఉంది. అది మీకు తెలుసు."

కుప్పమ్మ మొగుడి చేతికున్న తొడుగును తడిమి చూసింది. అంచు తిప్పి లోపలి తీగలు చూసింది. మళ్ళీ సర్ది వదిలేసింది.

"ఈయన చెయ్యి ఈయన పోగొట్టుకున్నాడు. మా ఇంట్లో ఒక చెయ్యన్నా మాది మాకు ఉండల్ల గదమ్మా."

"అయితే మొహం?"

"ఆయమ్మ మొహం ఆయమ్మ గీసుకునింది. రాలిపాయె. ఇంకో మొహం కావాలంటే నేను గీస్తా, నాకొచ్చినట్టు."

చెంగయ్యకు నవ్వొచ్చింది. నలభై రెండేళ్ళలో ఆమె ఒక్క గీత గీయలేదు. ఆ సంగతి గుర్తుచేద్దామని నోరు తెరిచి, ఆమె మొహం చూసి మూసేశాడు.

నసీమా ఆయన వైపు తిరిగింది. ఆయన చెయ్యి కట్టి పొట్టి చేసి అయినా సరే, ఇంకో పది రోజులు లాగొచ్చు. ఆమె అడగలేదు. అడగకపోయినా ఆ మాట గదిలో ఉంది. చెంగయ్య పలక దగ్గరికి పోయి, భుజాల దాకా ఉన్న గంగమ్మ ముందు నిలబడ్డాడు. చూడాలనే ఉంది. నలభై రోజులుగా ఆ మొహం కోసమే నీళ్ళన్నీ గీశాడు.

"ఆయప్పే ఇక్కడ కుంచె దించేసినాడు," అన్నాడు. "నేనెందుకు పట్టుకోనుండల్ల?"

తొడుగు విప్పేశాడు.

నసీమా కిటికీ దగ్గరికి పోయి వచ్చింది. "మొహం దొరకలేదని రాస్తాను," అంది. "గీసినవాడు కుంచెను ఒక ఆడమనిషికి ఇచ్చాడని కూడా రాస్తాను. నాకు ఈ రెండోదే చాలు." ఆ తర్వాత నలుగురూ సంగటి తిన్నారు. ఊరిబిండి కారానికి నసీమాకు కళ్ళ నీళ్ళొచ్చాయి.

ఇంటికొచ్చి కుప్పమ్మ ఆరు మూరల గుడ్డ తీసింది. కరక్కాయ పొడి, గేదె పాలు కలిపి అందులో నానబెట్టి ఆరేసింది. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో ముందు కొండ వేసింది. నచ్చక దులిపేసింది. మళ్ళీ వేసింది. తొమ్మిది రోజులు బొగ్గుతోనే సరిపోయింది. పదోరోజు కలం పట్టుకుంది.

ఆమెకు పొడుగు గీత రాదు. చీమలబారులాగా చిన్న చిన్న ముక్కలు, ఒకదానికొకటి ఆనించి పోతుంది. గోడ మీది నీళ్ళు జారినట్టు ఆమె నీళ్ళు జారలేదు. అడుగులో అడుగేసుకుంటూ, రాళ్ళ మీద ఆగి ఆగి దిగాయి. గట్టున చేతులెత్తిన జనం లేరు. వాళ్ళ వీధి ఆడవాళ్ళు ఏట్లో గుడ్డలు జాడిస్తున్నారు, చీరలు మోకాళ్ళ పైకి దోపుకుని. ఒకామె వెనక్కి తిరిగి ఎవరినో తిడుతోంది.

"ఇది మన చెంచులక్ష్మి గదా," అన్నాడు చెంగయ్య.

"దానికి చెప్పొద్దు."

"పళ్ళు చూస్తేనే తెలుస్తాది."

"అయితే పళ్ళు మూసేస్తాలే," అని పెదవులు కలిపేసింది.

చెంగయ్య గీత జోలికి పోలేదు. ఆ జారుడు గీత ఇంకా చేతిలో ఉంది. దాంతో గీసి నాదని చెప్పుకోవడానికి మనసొప్పలేదు. మానుకున్నాడు. ఊరికే కూర్చోలేక రంగు తీసుకున్నాడు. ఇన్నేళ్ళకు ఆయన రంగు, ఆమె గీత. వీధిలో వాళ్ళు వచ్చి తొంగిచూసి నవ్వి పోయారు. "ఏం చెంగయ్యా, ప్రమోషనా?" అని ఒకడు అడిగాడు. "ఆఁ," అన్నాడు చెంగయ్య.

ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పూయాలి. పటిక నీళ్ళకు రంగుండదు. ఎక్కడ పూసిందీ పూసినవాడు గుర్తుంచుకోవాల్సిందే. గుడ్డను ఏట్లో కడిగి, మంజిష్ఠ వేరు వేసి కాగులో ఉడికిస్తే, పటిక తగిలిన చోటే ఎరుపు పడుతుంది. అంతదాకా ఏమీ కనపడదు. చెంగయ్య గంగమ్మ చీరకు పూశాడు, నుదుటి బొట్టుకు పూశాడు. చివర పెదవులకు పూశాడు. కుప్పమ్మ గీసిన పెదవులు బిగించినట్టు సూటిగా ఉన్నాయి. కొండ దిగి అలిసిపోయి వచ్చిన మనిషి మొహం. ఆమె దానికి నాలుగు రోజులు తీసుకుంది.

ఉడికించే రోజు నసీమా, ఢిల్లీబాబు కూడా వచ్చారు. ఏటి గట్టున మూడు రాళ్ళ మీద రాగి కాగు. పొద్దున పదింటికి నీళ్ళు తెర్లాయి. కుప్పమ్మ కర్రతో గుడ్డను తిప్పుతూ ఉంది. గంట తర్వాత చెంగయ్య, ఆమె చెరొక కొస పట్టుకుని గుడ్డను పైకి తీసి, ఇసుక మీద పరిచారు. ఆవిరి లేచింది. ఆవిరి తేలిపోయేకొద్దీ ఎరుపు బయటపడింది. చీర, కుచ్చిళ్ళు, గట్టు మీది ఆడవాళ్ళ రవికలు, బొట్టు.

కుప్పమ్మ మొహం దగ్గర ఆగిపోయింది.

పెదవి కుడి కొసన ఎరుపు గీత దాటింది. గోరంత. పైకి. కుప్పమ్మ బిగించి గీసిన పెదవి అక్కడ విచ్చుకుంది. గంగమ్మ ఏదో గుర్తొచ్చి నవ్వు ఆపుకుంటున్నట్టుంది.

ఢిల్లీబాబు కిందికి వంగి చూసి, చెంగయ్య వైపు చూశాడు. చెంగయ్య తన చేతివేళ్ళు ముడిచి తెరిచాడు. ఆ గోడ మీది మనిషి నలభై రోజుల్లో ఒక్కసారి కూడా గీత దాటలేదు. దాటింది తన చెయ్యే.

"దాటినావే," అంది కుప్పమ్మ.

"దాటినా."

"చూసుకోలేదా?"

"చెయ్యి దానంతట అదే పైకి పోయింది."

ఎరుపు పచ్చిగా ఉన్నప్పుడు నిమ్మరసం పెట్టి రుద్దితే కొంచెం తగ్గుతుంది. కుప్పమ్మ కొంగుముడిలో ఎప్పుడూ ఒక నిమ్మకాయ ఉంటుంది. ముడి విప్పింది. నిమ్మకాయ చేతిలో పట్టుకుని గంగమ్మ పక్కన గొంతుక్కూర్చుంది. ఎండ పైకొస్తోంది. గుడ్డ అంచులు ఆరి తెల్లబడుతున్నాయి.

కాసేపటికి నిమ్మకాయను మళ్ళీ ముడేసుకుంది.

"ఉండనీలే," అంది.